నా కిడ్నీ బయాప్సీ రెండుసార్లు ఎందుకు చేయాల్సొచ్చిందంటే

గొంతునొప్పితో జ్వరం వచ్చిన రెండో రోజు పొద్దున మూత్రం కోలా రంగులో వచ్చింది. బెంగళూరు మారతహళ్లిలో మా ఫ్లాట్ కిందే ఉన్న ల్యాబ్‌లో ఇస్తే మూత్రంలో ప్రొటీన్ మూడు ప్లస్ (అంటే బాగా ఎక్కువ), రక్తంలో క్రియాటినిన్ 1.6 (కిడ్నీ సరిగ్గా వడగట్టకపోతే పెరిగే వ్యర్థం). నాకు 34 ఏళ్లు, షుగర్ లేదు. డాక్టర్ బయాప్సీ, అంటే సూదితో కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి పరీక్షించాలి అన్నారని చెప్పగానే హిందూపురం నుంచి అమ్మ ఫోన్లో ఒకటే గోల, "ఉన్న కిడ్నీకి చిల్లు పెట్టించుకుంటావేంట్రా" అని.

మొదటిసారి ఇంటికి దగ్గర్లోని ఓ ఆసుపత్రిలో చేయించుకున్నా. పేరెందుకులెండి. పది నిమిషాల్లో అయిపోయింది, సాయంత్రానికి ఇంటికి పంపేశారు, భలే చేశారే అనుకున్నా. వారం తర్వాత రిపోర్టు వచ్చింది: గ్లోమెరులై నాలుగే ఉన్నాయి, ఇమ్యునోఫ్లోరెసెన్స్‌కి (ముక్కలో పేరుకున్న యాంటీబాడీలని మెరిసే రంగుతో చూసే పరీక్ష) ముక్క లేదు, జబ్బు ఏదో తేల్చలేం. గ్లోమెరులై అంటే రక్తాన్ని వడగట్టే సన్నటి ఉండలు, ఒక్కో కిడ్నీలో దాదాపు పది లక్షలుంటాయి. ముక్కలో కనీసం పదైనా ఉంటే గానీ చూసే డాక్టర్‌కి ధైర్యం రాదట. పైగా తీసిందంతా ఒకే ఫార్మలిన్ (ముక్క కుళ్లకుండా ఉంచే మందునీళ్లు) సీసాలో వేసేశారు. నాకు అనుమానించిన ఐజీఏ జబ్బేమో (ఐజీఏ అనే యాంటీబాడీ కిడ్నీలో పేరుకోవడం) ఇమ్యునోఫ్లోరెసెన్స్‌లోనే తేలుతుంది, ఫార్మలిన్‌లో నానిన ముక్క దానికి సరిగ్గా పనికిరాదు. సూది పోటు నాకు, డబ్బులు వాళ్లకి, జవాబు ఎవరికీ లేదు.

రెండోసారి వేరే పెద్దాసుపత్రికి వెళ్తే అక్కడి డాక్టరమ్మ ముందు నా మందులన్నీ బల్ల మీద పెట్టించింది. నడుం నొప్పికని నేను వేసుకునే బ్రూఫెన్ చూసి తిట్టినంత పని చేసింది. అది కిడ్నీకీ చెడ్డదే, రక్తం గడ్డకట్టడాన్నీ మందగింపజేస్తుంది. మొదటి చోట దాని ఊసే ఎవరూ ఎత్తలేదు! వారం వాయిదా. మళ్లీ వెళ్లిన రోజు టెన్షన్‌కి బీపీ 160, అది 140 కిందకి దిగేదాకా సూది ముట్టుకోనంది, అలా మధ్యాహ్నం మూడయింది. ఆ ఖాళీలో ఫోన్లో చదివా, 1951లో డెన్మార్క్ డాక్టర్లు ఇవర్సన్, బ్రూన్ చేసిన పద్ధతిలో రోగిని కూర్చోబెట్టి గుచ్చేవాళ్లట, అప్పటికి అల్ట్రాసౌండ్ ఎక్కడిది. 1954లో కార్క్, మ్యూర్కీ బోర్లా పడుకోబెట్టడం మొదలుపెట్టాకే ముక్క సరిగ్గా దొరకడం పెరిగిందట.

నన్నూ బోర్లా పడుకోబెట్టి, పొట్ట కింద దిండు పెట్టి, స్కాన్ తెరమీద ఎడమ కిడ్నీ కింది కొన చూస్తూనే గుచ్చారు. ముందే సూది గన్ గాల్లో ఒకసారి టక్‌మనిపించి వినిపించారు, ఉలిక్కిపడి కదలకుండా. టెక్నీషియన్ కన్నడలో "ఉసిరు హిడ్కొళ్లి" అన్నాడు. ఊపిరి బిగబట్టమని. నాకు మాత్రం ఉసురు అని వినపడి ఒక్క క్షణం గుండె ఆగినంత పనైంది. రెండు ముక్కలు, సేమ్యా పోగుల్లా ఉన్నాయి. వాటిని నా పక్కనే మైక్రోస్కోప్ కింద పెట్టి గ్లోమెరులై ఉన్నాయని చూసుకున్నాకే నన్ను కదలనిచ్చారు, ఆ తర్వాత ముక్కల్ని మూడు సీసాల్లోకి పంచారు. ఇంత చిన్న పని!

ఆరు గంటలు వెల్లకిలా, రాత్రంతా అక్కడే. రక్తస్రావం లాంటివి ఎక్కువగా మొదటి 24 గంటల్లోనే బయటపడతాయి కాబట్టి పంపలేదు. ప్రతిసారీ వచ్చిన మూత్రాన్ని చిన్న డబ్బాల్లో వరుసగా పెట్టి రంగు పోల్చారు. మొదటిది లేత గులాబీ, నాలుగోది మామూలు. పొద్దున మళ్లీ స్కాన్, ఇంటికి.

ఈసారి 18 గ్లోమెరులై, ఐజీఏ నెఫ్రోపతీ అని తేలింది. టెల్మిసార్టాన్ (బీపీ మాత్ర, ప్రొటీన్ పోవడాన్నీ తగ్గిస్తుంది), ఆరు నెలలు స్టెరాయిడ్ (ముఖం బూరెలా ఉబ్బింది), ఉప్పు బాగా తగ్గించడం. ఏడాది దాటింది, క్రియాటినిన్ 1.3, కాళ్ల వాపు లేదు. మొన్న జలుబు చేసినప్పుడు రంగు మారుతుందేమోనని మూడు రోజులు పొద్దున్నే డబ్బాలో పట్టి వెలుతురుకి పెట్టి చూసుకున్నా, మారలేదు. ఆవకాయ మాత్రం అమ్మ ఈ ఏడు పంపలేదు.