తొమ్మిదో బల్ల

ఆ ఏడాది మా ఇంట్లో ఆవకాయ ఆలస్యమైంది. మా అత్తయ్య గారు ఇప్పటికీ ఆ నేరం నా ఉద్యోగం మీదే మోపుతారు. కాయకు టెంక కట్టి, ఇంకా మెత్తబడకుండా ఉన్నప్పుడే ముక్క కొట్టాలి. మా కోనసీమలో అది మే నెల రెండో వారం. 2014లో సరిగ్గా ఆ వారంలోనే మా టీచర్లను ఓట్లు లెక్కపెట్టడానికి పిలిచారు.

ఒక్కసారి పిలిచి ఊరుకోలేదు. మార్చి 30న మున్సిపాలిటీల పోలింగ్ జరిగింది. ఏప్రిల్ 6, 11 తేదీల్లో ఎంపీటీసీ, జడ్పీటీసీలకు, మే 7న అసెంబ్లీకీ లోక్‌సభకూ కలిపి. పెద్ద పోలింగ్ అయ్యేదాకా చిన్నవాటి లెక్కింపు ఆపి ఉంచడంతో అన్నీ ఒకే వారంలో నెత్తిన పడ్డాయి. 12న మున్సిపాలిటీలు, 13న మండలాలు, 16న అసలుది. నేను ముమ్మిడివరం దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో లెక్కల టీచర్ని. "లెక్కల మేడం కదా, మీకేం కష్టం!" అని నవ్వుతూ ఆర్డరు చేతిలో పెట్టేవారు. 13న కాగితపు బ్యాలెట్లు పాతికేసి కట్టలు కట్టి, రబ్బరు బ్యాండ్లు వేసి ఇంటికి చేరేసరికి తెల్లవారుజామున మూడు. 14వ తేదీ ఎలా గడిచిందో నాకు తెలియదు, నిద్రపోయాను. 15న మధ్యాహ్నం కాకినాడ బస్సెక్కాను.

కృత్తిక కార్తె ఎండ. దాళ్వా కోతలయ్యాక కాలువలు కట్టేశారు కాబట్టి దారి పొడవునా అడుగున బురద ఎండి, పెళ్లలు లేచి కనిపిస్తోంది. ఎదుర్లంక దగ్గర బాలయోగి గారి పేరున్న వంతెన ఎక్కితే కాస్త గాలి. వంతెన దిగగానే యానాం. అక్కడివారు మా సంతలోనే కూరలు కొంటారు, మా ఊళ్లకే పిల్లలనిస్తారు, ఓటు మాత్రం పుదుచ్చేరి ఎంపీకి వేస్తారు. ఏప్రిల్ 24నే ఆ పని ముగించుకుని నిశ్చింతగా కూర్చున్నారు. కిటికీలోంచి వాళ్లను చూసి కొంచెం అసూయపడ్డాను. తాళ్లరేవు దాటేదాకా బస్సులో ఒకటే చర్చ, కాకినాడ ఎంపీ ఎవరని.

అప్పటి సిట్టింగ్ ఎంపీ పళ్లంరాజు గారు కేంద్రంలో మానవ వనరుల మంత్రి. అయినా కాంగ్రెస్ ఊసు బస్సులో ఎవరూ ఎత్తలేదు. రాష్ట్రాన్ని విభజించిన కోపం ఆ స్థాయిలో ఉంది. పోటీ అంతా తెలుగుదేశం అభ్యర్థి తోట నరసింహం గారికీ, వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి చలమలశెట్టి సునీల్ గారికీ మధ్య. సునీల్ గారు 2009లో ప్రజారాజ్యం తరఫున ఇక్కడే నిలబడి, పళ్లంరాజు గారి చేతిలో 34 వేల ఓట్ల తేడాతో ఓడారు. "ఈసారి ఆయనదే" అని ఒకాయన, "చూద్దాం" అని ఇంకొకాయన. నా మెడలో ఫొటో కార్డు చూసి ఇద్దరూ నా వైపు తిరిగారు. నాకు అన్నీ తెలుసని వాళ్ల నమ్మకం. నాకు ఏ బల్ల దగ్గర కూర్చోవాలో కూడా అప్పటికి తెలియదు.

అది తెలియనివ్వకపోవడమే ఏర్పాటు. ఎవరు ఏ అసెంబ్లీ సెగ్మెంటులో, ఏ బల్ల దగ్గర కూర్చోవాలన్నది లెక్కింపు రోజు తెల్లవారుజామున కంప్యూటర్ తేలుస్తుంది. శిక్షణలో అదే చెప్పారు. శిక్షణ ఇచ్చిన అధికారి హాస్యప్రియుడు. ఓట్లు సమానంగా వస్తే ఏం చేస్తారని ఎవరో అడిగారు. "చీటీలు వేస్తారు. చట్టంలోనే ఉంది, 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 65వ సెక్షన్" అని, జనం నవ్వుతుంటే, "నవ్వకండి, 1989లో మన పక్కనే అనకాపల్లిలో కొణతాల రామకృష్ణ గారు తొమ్మిది ఓట్లతో లోక్‌సభకు వెళ్లారు. ఆ తొమ్మిది మీ బల్ల మీదే ఉండవచ్చు" అన్నారు. నవ్వులు ఆగిపోయాయి. తేడా తక్కువగా ఉంటే ఓడిన అభ్యర్థి మళ్లీ లెక్కించమని రాతపూర్వకంగా అడగవచ్చని, ఒప్పుకోవాలో వద్దో రిటర్నింగ్ అధికారి నిర్ణయిస్తారని, కాబట్టి విడుదల ఉత్తర్వు చేతికి వచ్చేదాకా ఎవరూ గేటు దాటకూడదని కూడా చెప్పారు. ఆ చివరి ముక్క ఒక్కటీ మా అందరి మనసులో బాగా నాటుకుంది.

ఆ రాత్రి కాకినాడలో మా పిన్ని ఇంట్లో పడుకున్నాను. "ఇంత రాత్రి వేళ లేచి వెళ్లడానికి ఇదేమైనా ముహూర్తమా అమ్మా" అంటూనే నాలుగింటికి లేచి పెసరట్టు వేసి పెట్టింది. అయిదింటికి కళాశాల గేటు దగ్గర ఉన్నాను. ఫోను బయటే ఇచ్చేసి టోకెన్ తీసుకున్నాను. గోడకు అంటించిన జాబితా చుట్టూ పరీక్ష ఫలితాల నాటి పిల్లల్లా అంతా పెద్దవాళ్లమే తోసుకున్నాం. పిఠాపురం సెగ్మెంటు, లోక్‌సభ హాలు, తొమ్మిదో బల్ల.

కాకినాడ లోక్‌సభ కింద ఏడు సెగ్మెంట్లు. తుని, ప్రత్తిపాడు, పిఠాపురం, కాకినాడ రూరల్, పెద్దాపురం, కాకినాడ సిటీ, జగ్గంపేట. ఏడింటి లెక్కా విడివిడిగా సాగుతుంది, మొత్తం మాత్రం రిటర్నింగ్ అధికారి బల్ల మీదే కలుస్తుంది. మా హాలులో ఉన్నవాళ్లకు మా హాలు బోర్డు తప్ప ఏమీ కనిపించదు. ఈ సంగతి నాకు మధ్యాహ్నానికి గానీ పూర్తిగా అర్థం కాలేదు.

బల్లకు ముగ్గురం. నేను సూపర్‌వైజర్‌ని. నాకు సహాయకుడు ఒక కుర్ర పంచాయతీ కార్యదర్శి. మూడో ఆయన మైక్రో అబ్జర్వర్, అంటే మా లెక్కను గమనించే మనిషి, బ్యాంకు ఉద్యోగి, నోరు విప్పితే వడ్డీ పడుతుందన్నట్టు కూర్చున్నారు. ఇనుప వలకు అవతల అభ్యర్థుల ఏజెంట్లు. ఎనిమిదింటికి పోస్టల్ బ్యాలెట్లు మొదలయ్యాయి, అవి రిటర్నింగ్ అధికారి దగ్గర. అరగంట తర్వాత మా మొదటి యంత్రం వచ్చింది.

ఓటరు నొక్కే బ్యాలెట్ యూనిట్ రాదు, కంట్రోల్ యూనిట్ మాత్రమే వస్తుంది. పెట్టె తెరిచి, నంబరు జాబితాతో సరిచూసి, సీళ్లు చెక్కుచెదరలేదని వల దగ్గరికి తీసుకెళ్లి ఏజెంట్లకు చూపించాలి. ఆకుపచ్చ పేపర్ సీలు మీద పోలింగ్ నాడు వాళ్లే చేసిన సంతకాలు ఉంటాయి. చెమటకు అలికిపోయిన సంతకం ఒకటి తనదేనని ఒక ఏజెంటు ఒప్పుకోవడానికి రెండు నిమిషాలు తీసుకున్నాడు. ఆ తర్వాత స్విచ్ వేసి, ఫలితం గడి మీది సీలు తీసి, రిజల్ట్ బటన్ నొక్కాలి. ఒక్కో అభ్యర్థి వరుస సంఖ్య, దాని పక్కన ఓట్లు ఎర్రగా వెలిగి ఆరిపోతాయి. చిట్టచివర నోటా. లోక్‌సభ ఎన్నికల్లో దానికి అదే మొదటిసారి. నేను పైకి చదువుతాను, కార్యదర్శి బూతు ఓట్ల లెక్క రాసే ఫారం 17సీ రెండో భాగంలో రాస్తాడు, బ్యాంకు ఆయన తన కాగితంలో వేరుగా రాసుకుంటారు, వలకు అవతల నాలుగైదు పెన్నులు నా నోటి వెంట పరుగెత్తుతాయి. నలభై మంది పిల్లలకు ఎక్కం చెప్పిన గొంతు ఇక్కడ పనికివచ్చింది.

మా హాలు ఇలా సాగుతుంటే పక్క హాలు హోరెత్తుతోంది. అక్కడ పిఠాపురం అసెంబ్లీ లెక్క. రెండు ప్రధాన పార్టీలనూ కాదని జనం స్వతంత్ర అభ్యర్థి ఎస్.వి.ఎస్.ఎన్. వర్మ గారికి ఓట్లు గుమ్మరించారు. ఆయన భారీ ఆధిక్యంతో గెలిచారు. పదేళ్ల తర్వాత పవన్ కల్యాణ్ గారి గెలుపుతో దేశమంతా విన్న పిఠాపురం ఆనాడు మాకు అలా పరిచయమైంది. అసెంబ్లీకి స్వతంత్రుడి బటన్ నొక్కిన చేయి లోక్‌సభకు ఏ బటన్ నొక్కిందో మా బల్లల మీదే తేలాలి. మా ఏజెంట్లకు ఏమీ పాలుపోలేదు. ఒక ఊరి యంత్రం ఒకరి వైపు, పక్క ఊరిది ఇంకొకరి వైపు. కానీ కేక వినిపించినప్పుడల్లా సగం మంది పక్క హాలు వైపే చెవి పెట్టారు. మన దగ్గర ఎమ్మెల్యే అంటే ఇంటి గొడవ, ఎంపీ అంటే ఢిల్లీ గొడవ. నాకు తెలిసి ఏ ఊళ్లోనూ ఎంపీ కోసం తలలు పగలవు.

నాలుగో రౌండులో మా బల్లకు పరీక్ష వచ్చింది. యంత్రం చూపిన మొత్తం ఓట్లకూ, పోలింగ్ నాడు ప్రిసైడింగ్ అధికారి 17సీలో రాసిన సంఖ్యకూ పొంతన కుదరలేదు. చివరి రెండు అంకెలు తారుమారయ్యాయి. నేను చూడగానే పట్టుకున్నాను, చిన్న తరగతుల నోటు పుస్తకాల్లో రోజూ చూసే తప్పే అది. కానీ నేను గుర్తుపట్టినంత మాత్రాన సరిపోదు.

వల అవతల పెద్దాయన ఒకరు లేచి నిలబడ్డారు. "టీచర్ గారూ, కాగితంలో ఒకటి, యంత్రంలో ఒకటి అయితే మేమెలా ఒప్పుకుంటాం?"

"ఒప్పుకోవద్దండీ. కూర్చోండి, పెద్ద సారును పిలుస్తాను" అన్నాను.

ఆయన కూర్చోలేదు. ఆయన వెనక ఇద్దరు కుర్రాళ్లు కూడా లేచారు. సహాయ రిటర్నింగ్ అధికారి వచ్చారు. "పోలింగ్ ముగిశాక మీ ఏజెంటుకు 17సీ నకలు ఇచ్చి ఉంటారు కదా, తీయండి" అన్నారు. పెద్దాయన బనీను జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశారు. చెమటకు తడిసి మడతల దగ్గర చిరిగిపోతోంది. విప్పి చూస్తే అందులో ఉన్నది యంత్రం చూపిన సంఖ్యే. అసలు ఫారంలోనూ పై వరుసల్లో, ఓటర్ల రిజిస్టరు ప్రకారం అని రాసిన చోట ఆ సంఖ్యే సరిగ్గా ఉంది. యంత్రం ప్రకారం అన్న వరుసలో మాత్రం చేయి జారింది. అధికారి పక్కన రాసి సంతకం పెట్టారు, ఏజెంట్ల చేతా పెట్టించారు. పావుగంట పట్టింది. పెద్దాయన కాగితం మళ్లీ మడిచి అదే జేబులో పెట్టుకుంటూ, "రాత్రిపూట రాసి ఉంటాడు పాపం" అన్నారు.

రాత్రిపూటే రాసి ఉంటారు. ఎందుకంటే మే 7న నేనూ ఒక లంక ఊళ్లో ప్రిసైడింగ్ అధికారిని. యంత్రాలను పడవలో దాటించి తీసుకువెళ్లాం. రెండు యంత్రాలు, అసెంబ్లీకి గులాబీ కాగితం, లోక్‌సభకు తెల్ల కాగితం. ఒక ముసలామె గులాబీది నొక్కి, సిరా వేలు చూసుకుంటూ బయటికి నడిచింది. "మామ్మగారూ, ఇంకోటి ఉంది" అంటే, "మా వాడిది నొక్కేశాను కదమ్మా" అని వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది. తెల్ల కాగితం యంత్రం ఆమె కోసం దీపం వెలిగించుకుని అలాగే ఉంది. స్విచ్ ఆపి, మళ్లీ వేసి, తర్వాతి మనిషికి సిద్ధం చేశాం. ఆ రాత్రి కరెంటు పోతే సెల్‌ఫోను వెలుగులో 17సీ నకళ్లు ఒక్కొక్కటే చేతితో రాశాను. ఆరో ఏడో రాసేసరికి నా కళ్లకు అంకెలు ఈదుతున్నాయి. నేను తారుమారు చేయలేదన్న నమ్మకం నాకు ఇప్పటికీ లేదు.

మూడింటికి మా బల్ల పని ముగిసింది. ప్రతి రౌండులో పరిశీలకులు తమకు నచ్చిన రెండు యంత్రాలు తీసి మళ్లీ చూసుకున్నారు, ఆ రెంటిలో మాది ఒకసారి ఉంది, తేడా రాలేదు. కార్యదర్శి బల్ల మీదే తల వాల్చి నిద్రపోయాడు. విడుదల ఉత్తర్వు మాత్రం రాలేదు. "పైన తేలలేదట" అన్నారు ఎవరో. ఎంత తేడాలో ఉందో, ఎవరు ముందున్నారో లోపల ఎవరికీ తెలియదు. బయట గేటు దగ్గర వేరుశనక్కాయలు అమ్మే మనిషికి కూడా టీవీ పుణ్యమా అని తెలిసే ఉంటుంది. మేము ముగ్గురం ఉదయం నుంచీ వేల ఓట్లు చదివి, రాసి, సంతకాలు పెట్టి, ఫలితం తెలియని ముగ్గురం. బ్యాంకు ఆయన అప్పుడు మొదటిసారి నోరు విప్పి, "మళ్లీ లెక్కించమంటే మనమేనా?" అని అడిగారు.

చీకటి పడ్డాక వదిలారు. ఫోను తీసుకునేసరికి ఛార్జింగ్ లేదు. యానాం మీదుగా చివరి బస్సు దొరికింది, ఎక్కగానే కునికిపాట్లు. ఇల్లు చేరేసరికి అత్తయ్య గారు తప్ప అందరూ పడుకున్నారు.

మర్నాడు ఉదయం పేపరు ఆవిడే ముందు చదివారు. తోట నరసింహం గారు 5,14,402, సునీల్ గారు 5,10,971. తేడా 3,431. అలవాటు కొద్దీ ఏడుతో భాగించాను. సెగ్మెంటుకు 490. అంటే ఒక మోస్తరు బూతులో పడే ఓట్ల కంటే తక్కువ. సునీల్ గారు ఆ తర్వాత 2019లో తెలుగుదేశం నుంచి, 2024లో మళ్లీ వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి కాకినాడలోనే నిలబడ్డారు, రెండుసార్లూ ఓడారు. నాలుగింటిలోనూ అందినట్టే ఉండి జారిపోయింది మాత్రం ఆ 2014 ఒక్కటే.

"ఈ మూడు వేల చిల్లరలో నువ్వు లెక్కపెట్టినవి ఎన్నమ్మా?" అని అడిగారు అత్తయ్య గారు.

తెలియదన్నాను. ఆవిడ నమ్మలేదు. పేపరు మడిచి పక్కన పెట్టి, వరండాలో గోనెపట్టా మీద పోసి ఉన్న మామిడికాయలు చూపించారు. నేను లేని రెండు రోజుల్లో కొన్నిటికి పసుపు తిరిగింది. బేరం వంద కాయలకట, ఇచ్చినవాడు సరిగ్గా వేశాడో లేదోనని అనుమానం.

"కాస్త లెక్కపెట్టు" అన్నారు.

"మీరు లెక్కపెట్టండి అత్తయ్య గారూ, నేను సంతకం పెడతాను" అని కత్తిపీట తెచ్చుకోవడానికి వంటింట్లోకి వెళ్లాను.