ఫ్లైఓవర్ ఎక్కితే ఆగే బండి

ఆరేళ్ల నా ఎలక్ట్రిక్ స్కూటర్‌కి ఈ ఎండల్లో కొత్త జబ్బు పట్టుకుంది. కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఉన్నట్టుండి మీటర్‌తో సహా ఆరిపోతుంది. తాళం తిప్పితే మళ్లీ మామూలే. మెకానిక్ సీటు కూడా ఎత్తకుండా "బ్యాటరీ పోయిందండీ" అనేశాడు. నాకు మనసొప్పలేదు.

బ్రేక్ స్విచ్ (బ్రేక్ పట్టగానే మోటార్‌ని ఆపేది) తప్పయితే మోటార్ ఆగుతుంది గానీ మీటర్ వెలుగుతూనే ఉంటుంది. కాబట్టి అది కాదు. ఫుల్ ఛార్జ్‌లో బ్యాటరీ ప్యాక్ 54.4 వోల్టులు చూపించింది. 48 వోల్టుల లిథియం ప్యాక్‌కి 54.6 నిండు కుండ. కానీ నిలబెట్టి కొలిస్తే ఏం తెలుస్తుంది? తమ్ముణ్ణి మల్టీమీటర్‌తో వెనక కూర్చోబెట్టి మళ్లీ ఎక్కించాను. (వాడి తిట్లు ఇక్కడ రాయను.) ప్యాక్ దగ్గర 51 వోల్టులు, మోటార్‌కి కరెంటు అందించే కంట్రోలర్ దగ్గర 40! అంటే 11 వోల్టులు దారిలోనే పోతున్నాయి.

మధ్యలో ఉన్నది ఒక్క కనెక్టర్. విప్పితే పిన్ను నల్లగా మాడి, ప్లాస్టిక్ కరిగి ఉంది. 120 రూపాయలతో కొత్తది వేశాను.