విశ్వామిత్రుడు కౌసల్యను తలచుకున్న ఉదయం

కౌసల్యా సుప్రజా రామ పూర్వా సంధ్యా ప్రవర్తతే ।
ఉత్తిష్ఠ నరశార్దూల కర్తవ్యం దైవమాహ్నికమ్ ॥

సుప్రభాతం ఈ శ్లోకంతోనే మొదలవుతుంది కాబట్టి ఇది తిరుమల వేంకటేశ్వరుణ్ణి మేల్కొలపడానికే పుట్టిందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఇది వాల్మీకి రామాయణం బాలకాండ 23వ సర్గలోది. కౌసల్య కన్న మంచి బిడ్డా రామా, తూర్పున తెల్లవారుతోంది, లే, చేయవలసిన దైవకార్యం ఉంది అంటూ, సరయూ తీరాన ఆకుల పడక మీద నిద్రపోతున్న ఒక పిల్లవాణ్ణి పనికి లేపుతున్న మాటలివి. విశ్వామిత్రుడి వెంట అయోధ్య విడిచి వచ్చాక రాముడికి తెల్లవారిన తొలి ఉదయం అది.

అప్పటికి అతని వయసెంతో దశరథుడే చెప్పాడు. 'ఊనషోడశవర్షో మే రామో రాజీవలోచనః.' నా రాముడికి ఇంకా 16 ఏళ్లు నిండలేదు, రాక్షసులతో పోరాడగలడని నాకు తోచడం లేదు, కావాలంటే అక్షౌహిణీ సేనతో నేనే వస్తాను అని బతిమాలాడు. అంతకుముందు, యజ్ఞరక్షణకు రాముణ్ణి పంపమన్న మహర్షి కోరిక వినగానే కాసేపు స్పృహే తప్పాడు. చివరకు వశిష్ఠుడు నచ్చజెప్పాక కొడుకు శిరస్సు మూర్కొని 'సుప్రీతేనాంతరాత్మనా' అప్పగించాడట. నిండు మనసుతో పంపాడన్నమాట. తల్లీ తండ్రీ స్వస్తి పలికారని కూడా వాల్మీకి మరిచిపోకుండా రాశాడు.

మా అమ్మాయికి 17 ఏళ్లు. మేముండే న్యూజెర్సీలో ఆరుబయటి ఈతకొలనులు మే నెలాఖరున తెరిచి సెప్టెంబరు మొదట్లో మూసేస్తారు. నీటి అడుగు నుంచి 10 పౌండ్ల ఇటుకను పైకి తెచ్చే పరీక్ష నెగ్గి లైఫ్‌గార్డుగా చేరిన పిల్ల, ఈ వేసవికి హెడ్ లైఫ్‌గార్డ్ అయింది. ఎవరు ఏ కుర్చీలో కూర్చోవాలో, ఎప్పుడు మారాలో చెప్పాల్సింది ఇప్పుడు తనే. తన మాట వినాల్సిన వాళ్లలో తనకంటే పెద్దవాళ్లూ ఉన్నారు.

మరిచిపోయిన మంచినీళ్ల సీసా ఇవ్వడానికి ఒకరోజు అక్కడికి వెళ్లాను. ఎర్రటి రెస్క్యూ ట్యూబు పట్టీ భుజానికి అడ్డంగా వేసుకుని, కుర్చీ దిగుతున్న అబ్బాయికి ఏదో చెబుతోంది. చెబుతున్నంతసేపూ ఇద్దరి చూపులూ నీళ్ల మీదే ఉన్నాయి. నేను వచ్చానని తనకు తెలుసు. సీసా అక్కడ పెట్టమన్నట్టు చేయి చాపింది కానీ తల తిప్పలేదు. కన్నకూతురు నా వైపు చూడనందుకు అంత సంతోషం కలుగుతుందని నేనెన్నడూ అనుకోలేదు. లోతు తక్కువ వైపు ఆడుకుంటున్న పసిపిల్లల తల్లులు నిశ్చింతగా కబుర్లు చెప్పుకుంటున్నారు. వాళ్ల నిశ్చింతకు కాపలా నా బిడ్డ.

ఆ సాయంత్రం దీపం పెడుతుంటే ఈ శ్లోకం మరోలా వినిపించింది. విశ్వామిత్రుడు కౌసల్యను తలచుకునే సమయానికి రాముడు ఇంకా ఏమీ సాధించలేదు. తాటక ఎదురుపడలేదు, మారీచుణ్ణి సముద్రంలోకి విసరలేదు, శివధనుస్సు సంగతే లేదు. మహర్షి ఆ దారిలో చూసింది ఒక్క పగలు, ఒక్క రాత్రి. పిల్లవాడు వెనకే నడిచాడు, సరయూ జలంతో ఆచమించి బల, అతిబల అనే మంత్రవిద్యలు అందుకున్నాడు, గురువుకు చేయవలసిన సేవలన్నీ చేశాడు, రాజకుమారుడై ఉండీ గడ్డి మీద పడుకున్నాడు. ఆ నడవడి చాలింది ఆయనకు. ఇలాంటి బిడ్డను కన్న కౌసల్యది ఎంత భాగ్యం అనుకున్నాడు. ఆ మాట వినడానికి కౌసల్య అక్కడ లేదు. తల్లి కళ్లెదుట లేనప్పుడు బిడ్డ ఎలా ఉన్నాడో చూసి అన్నాడు కాబట్టే, నా దృష్టిలో కౌసల్యకు దక్కిన గౌరవాలన్నిటిలో ఇదే గొప్పది.

అన్నాక క్షణం కూడా ఆగలేదు. లే, చేయవలసిన పని ఉంది అన్నాడు. ఆ తర్వాత విశ్వామిత్రుడి సిద్ధాశ్రమంలో అన్నదమ్ములిద్దరూ ఆరు పగళ్లు, ఆరు రాత్రులు కంటిమీద కునుకు లేకుండా యజ్ఞాన్ని కాచారు. గెలిచిన మర్నాడు పొద్దున్నే స్నానసంధ్యలు ముగించుకుని మునుల ముందుకు వచ్చి, మేము మీ కింకరులం, ఇప్పుడేం చేయమంటారో ఆజ్ఞాపించండి అని అడిగారు.