ఒక భుజమా, రెండు భుజాలా: మూడు రోజుల సైకిల్ దారి

బయల్దేరే ముందు రాత్రి సంచులు రెండూ తూచాం. నేను ముందు ఊరికే తూకం మిషన్ ఎక్కి, తర్వాత సంచి తగిలించుకుని ఎక్కితే తేడా 5.5 కిలోలు వచ్చింది. తమ్ముడి సంచి కూడా అంతే తూగేదాకా సామాను అటూ ఇటూ సర్దాం. నాది మెసెంజర్ బ్యాగ్. ఒకటే పట్టీ. భుజం మీంచి ఛాతీకి అడ్డంగా దిగుతుంది, సంచి వీపు మీద ఏటవాలుగా పడుకుంటుంది. వాడిది మామూలు బ్యాక్‌ప్యాక్, ఛాతీ దగ్గర ఒక క్లిప్పు, నడుం దగ్గర ఒక బెల్టు.

"మూడు రోజులు ఒక్క భుజం మీదే మోస్తావా అక్కా?" అన్నాడు.

"ఆరేళ్ళ నుంచి మోస్తున్నదేగా" అన్నాను. నిజంగానే అంత నమ్మకంగా ఉన్నాను. ఆఫీసుకు, లైబ్రరీకి, వానలో, ఎండలో ఆ సంచితోనే తిరిగాను. అయితే ఆ తిరుగుళ్ళలో ఏదీ అరగంట దాటలేదు. ఆ సంగతి ఆ రాత్రి నాకు తట్టలేదు.

సామాను క్యారియర్‌కి కట్టుకోవచ్చు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. మా సైకిళ్ళ ఫ్రేములకి క్యారియర్ బిగించే స్క్రూ రంధ్రాలు లేవు. ఆ వీలున్నవాళ్ళు మాత్రం బరువు సైకిలుకే అప్పజెప్పండి. వీపు మీద మోసే ప్రతి కిలో చివరికి సీటు మీదకీ అరచేతుల మీదకీ దిగుతుంది. వీలు లేనివాళ్ళకే ఈ రెండు సంచుల మధ్య ఎంపిక.

మొదటి రోజు 70 కిలోమీటర్లు, కాలవ గట్టు వెంబడి చదును రోడ్డు. పొద్దున ఆరింటికి ఎక్కాం. గట్టు మీద మంచు ఇంకా విడలేదు, నీళ్ళ మీద కొంగలు నిలబడి ఉన్నాయి. నేను ఆగిన ప్రతిసారీ కాలు నేల మీద ఆన్చి, పట్టీ కొంచెం వదులు చేసి, సంచిని చంక కిందుగా ముందుకి లాగి, ఫ్లాప్, అంటే పై మూత, ఎత్తి కెమెరా తీసేదాన్ని. సీటు దిగే పనే లేదు. పది సెకన్లలో మళ్ళీ వీపు మీదకి తోసేసి బయల్దేరేదాన్ని. తమ్ముడేమో ఛాతీ క్లిప్పు తీయాలి, నడుం బెల్టు తీయాలి, ఒక్కో చెయ్యి బయటికి లాగాలి, సైకిల్ దేనికైనా ఆనించాలి, సంచి ఎక్కడైనా పెట్టాలి, అప్పుడు జిప్పు. మధ్యాహ్నానికి వాడు సంచి తెరవడమే మానేశాడు. జాకెట్ తీయాల్సిన చోట తీయలేదు. నీళ్ళు తాగాల్సిన చోట తాగలేదు, ఎందుకంటే ఫ్రేముకున్న బాటిల్ ఖాళీ అయింది, రెండో బాటిల్ సంచి అడుగున ఉంది.

"తర్వాత తాగుతాలే అక్కా" అని మూడుసార్లు అన్నాడు. నాలుగోసారి నేనే సైకిల్ అడ్డం పెట్టి ఆపాను. వాడి పెదాలు ఎండిపోయి ఉన్నాయి. ఈ ఒక్క ఇబ్బంది నుంచే ఒక వస్తువు పుట్టింది. 1988లో అమెరికాలోని టెక్సాస్‌లో, మండుటెండలో 100 మైళ్ళ సైకిల్ రైడ్‌కి మైకేల్ ఐడ్సన్ అనే ఆయన వెళ్ళాడు. అత్యవసర వైద్య సేవల్లో పనిచేసేవాడు కాబట్టి సెలైన్ సంచిలో నీళ్ళు నింపి, దాన్ని పొడుగాటి మేజోడులో దూర్చి, జెర్సీ వెనక తగిలించి, గొట్టం భుజం మీంచి నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు. ఆ ఆలోచనే వీపున మోసే నీళ్ళ సంచుల కంపెనీ క్యామెల్‌బ్యాక్ అయింది. ఇప్పుడు చాలా బ్యాక్‌ప్యాక్‌లలో నీళ్ళ సంచికి ఒక అర, గొట్టానికి ఒక కన్నం ఉంటాయి. వాడి సంచిలోనూ ఉన్నాయి. వాటిని మేం వాడుకోలేదు. బ్యాక్‌ప్యాక్‌తో దూరం వెళ్ళేవాళ్ళు ఆ అరని ఖాళీగా ఉంచొద్దు.

నా సంచికి ఆ చురుకు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి. అమెరికా పెద్ద నగరాల్లో కాగితాలు, పార్శిళ్ళు సైకిల్ మీద చేరవేసే కొరియర్ల భుజాల మీద రూపు దిద్దుకున్న సంచి ఇది. 1989లో శాన్‌ఫ్రాన్సిస్కోలో టింబక్‌టూ సంచులు మొదలుపెట్టిన రాబ్ హనీకట్ స్వయంగా సైకిల్ కొరియర్. 1995లో వచ్చిన క్రోమ్ కంపెనీ కారు సీటు బెల్టు బకిల్‌ని పట్టీకి పెట్టి పేరు తెచ్చుకుంది, ఒక్క నొక్కు నొక్కితే ఊడిపోతుంది. వీధి చివర ఆగడం, కవరు తీయడం, సంతకం చేయించుకోవడం, మళ్ళీ ఎక్కడం. రోజంతా అదే పని చేసేవాళ్ళకి సంచి తీయకుండానే చెయ్యి లోపలికి పోవాలి. ఆ మొదటి రోజు నేనూ దాదాపు వాళ్ళలాగే తొక్కాను. సాయంత్రం కూర్చుని లెక్కేసుకుంటే 20 సార్లకి పైనే సంచి తెరిచాను. తమ్ముడు నాలుగుసార్లు.

కానీ 50 కిలోమీటర్లు దాటాక నా ఎడమ భుజం మాట్లాడడం మొదలుపెట్టింది. ముందు మెడ పక్కన సన్నగా లాగింది. తర్వాత ఎడమ చేతి వేళ్ళు తిమ్మిరెక్కాయి. పట్టీని భుజం చివరికి జరిపితే జారిపోతుంది, మెడ దగ్గరికి తెస్తే కోస్తుంది. కుడి భుజానికి మార్చుకుందామంటే నా సంచి ఎడమ భుజానికని కుట్టినది. పట్టీ కింది మెత్త అటువైపుకే వంపు తిరిగి ఉంటుంది, అటు ఇటు చేస్తే బకిల్ వచ్చి ఎముక మీద కూర్చుంటుంది. రాత్రి అద్దంలో చూసుకుంటే భుజం మీద నాలుగు వేళ్ళ వెడల్పున ఎర్రటి చార, దాని అంచుల్లో పట్టీ నేత అచ్చు గుద్దినట్టు పడింది. తమ్ముడి రెండు భుజాల మీదా ఏమీ లేదు. వాడి వీపు మాత్రం వేరే కథ. చొక్కా ఆరాక వెనక తెల్లగా ఉప్పు చారలు, సంచి ఎంత మేర ఆనిందో అంత మేరా గీత గీసినట్టు.

రెండో రోజు 55 కిలోమీటర్లే, కానీ సగం పైగా ఎక్కుడు. అసలు విషయం నాకు అక్కడ అర్థమైంది.

చదును రోడ్డు మీద వంగి తొక్కుతుంటే వీపు ఏటవాలు బల్లలా ఉంటుంది, దాని మీద మెసెంజర్ బ్యాగ్ హాయిగా పడుకుంటుంది. ఎక్కుడులో సీటు మీంచి లేచి తొక్కినప్పుడు ఆ బల్ల ఉండదు. ఒళ్ళు నిటారుగా లేస్తుంది, ఒక్కో తొక్కుకి కుడికీ ఎడమకీ ఊగుతుంది. ఒకటే పట్టీ ఉన్న సంచికి ఆ ఊపులో ఆగే ఆధారం లేదు. మూడో మలుపు దగ్గర నా సంచి నడుం చుట్టూ జారి ముందుకొచ్చి తొడకి తగిలింది. మోకాలు పైకి రాలేదు, ముందు చక్రం పక్కకి తిరిగింది. ఎడమ వైపు లోయ. ఎలాగో కాలు కింద పెట్టగలిగాను. గుండె దడ తగ్గడానికి చాలాసేపు పట్టింది.

తమ్ముడు సైకిల్ పడేసి పరుగెత్తుకొచ్చాడు. "దెబ్బేమైనా తగిలిందా? ఇందాకట్నుంచి చూస్తున్నా, అది ముందుకొస్తూనే ఉంది."

ఈ ఊపుని ఆపడానికే మెసెంజర్ బ్యాగులకి సన్నటి రెండో పట్టీ ఒకటి ఇస్తారు. సంచి కింది మూల నుంచి చంక కిందుగా వచ్చి ఛాతీ మీద పెద్ద పట్టీకి తగులుకుంటుంది. ఊళ్ళో దాని అవసరం పడక ఎప్పుడో ఊడదీసి అరలో పడేశాను. ఒక్క భుజం సంచితో ఎక్కుడు ఎక్కాలనుకునేవాళ్ళు ఆ సన్న పట్టీ లేకుండా బయల్దేరకండి. పెద్ద పట్టీని కూడా వీలైనంత బిగించి, సంచిని నడుం మీద కాకుండా వీపు పైభాగంలో కూర్చోబెట్టాలి. ఆఫీసు బ్యాగులా తుంటి మీద వేలాడదీసుకుంటే నాకు జరిగిందే జరుగుతుంది.

అక్కడే సంచులు మార్చుకున్నాం. వాడు పొడగరి కాబట్టి ఆ బ్యాక్‌ప్యాక్ నాకు ముందు సరిపడలేదు, పైభాగం హెల్మెట్‌కి తగిలి తల ఎత్తనివ్వలేదు. వంగి తొక్కేవాళ్ళు బ్యాక్‌ప్యాక్ కొనేటప్పుడు నిలబడి చూసుకుంటే చాలదు. హెల్మెట్ పెట్టుకుని, హ్యాండిల్ పట్టుకున్నట్టు వంగి, తల పైకెత్తి దూరంగా చూడాలి, భుజం మీంచి వెనక్కి కూడా చూడాలి. తమ్ముడు ఓపిగ్గా పట్టీలు వదులు చేసి, సంచి కిందికి దించి, ఛాతీ క్లిప్పు పెట్టి, నడుం బెల్టు లాగాడు. చేతులు ముందుకి చాచి హ్యాండిల్ పట్టుకుంటే భుజం పట్టీలు బయటికి జారాలని చూస్తాయి, ఛాతీ క్లిప్పు వాటిని పట్టి ఉంచుతుంది. ఊపుని నడుం బెల్టు చూసుకుంటుంది. లోపల సర్దింది కూడా మార్చాడు. బరువైన పనిముట్ల పొట్లం అడుగున వీపుకి దగ్గరగా, దానికీ వెన్నుకీ మధ్య మడిచిన తువ్వాలు, తేలికైన బట్టలు బయటివైపు.

తర్వాతి 12 కిలోమీటర్ల ఎక్కుడులో సంచి సంగతి నేను మర్చిపోయాను. అంతకన్నా పెద్ద మెచ్చుకోలు నేను ఇవ్వలేను. లేచి తొక్కినా, కూర్చుని తొక్కినా అది నా వీపులో భాగంగానే కదిలింది. చెమట మాత్రం చెప్పలేనంత పట్టింది. కొన్ని సంచులకి వీపు దగ్గర వల బిగించి గాలి ఆడే ఖాళీ వదులుతారు, దానితో కొంత నయం. కానీ ఆ ఖాళీ ఉన్నంత మేర బరువు వీపుకి దూరం జరుగుతుంది కదా, మలుపుల్లో అది తెలుస్తుంది. మా దానికి వల లేదు, సాదా మెత్తే. కొండ పైకి చేరి దిగుడు మొదలయ్యేసరికి తడిసిన చొక్కాలోకి ఎదురుగాలి దూరి నాకు వణుకొచ్చింది. రెండో మలుపులో ఆగి పొడి చొక్కా మార్చుకున్నాను. ఎక్కుడు ముగిసిన చోటే మార్చుకుని ఉండాల్సింది.

మూడో రోజు 65 కిలోమీటర్లు, పొద్దుట్నుంచే వాన.

ఆ వానలో నా పాత సంచి మీద నాకు మళ్ళీ ప్రేమ పుట్టింది. ఇంటికి 20 కిలోమీటర్లు ఉందనగా ఒక చూరు కింద ఆగి రెండూ తెరిచి చూశాం. బ్యాక్‌ప్యాక్ గుడ్డ మందమైనదే, లేబుల్ మీద 600 డెనియర్ అని కూడా ఉంది. కానీ డెనియర్ అంటే దారం మందానికి లెక్క మాత్రమే, 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. వాన ఆపే సంగతి అది చెప్పదు. నీళ్ళు జిప్పు పళ్ళ మధ్య నుంచి, కుట్టు కన్నాల్లోంచి దిగాయి. బట్టల పై మడత తడిసి ముద్దయింది, నా నోట్‌బుక్ అంచులు ఉబ్బాయి. మెసెంజర్ బ్యాగ్‌కి పైన జిప్పే లేదు. వెడల్పాటి ఫ్లాప్ అంచులు దాటి కిందికి దిగుతుంది, లోపల లారీ టార్పాలిన్ లాంటి పొర విడిగా వేలాడుతుంది. ఫ్లాప్ ఎత్తితే వెల్‌క్రో చర్రున ఊడింది, లోపల చెయ్యి పెట్టి అడుగుదాకా తడిమాను. ఎక్కడా చెమ్మ లేదు.

ఇది ఒక భుజానికీ రెండు భుజాలకీ ఉన్న తేడా కాదు, కుట్టిన పద్ధతిలో తేడా. పైభాగాన్ని మడిచి చుట్టి క్లిప్పు పెట్టే రోల్‌టాప్ బ్యాక్‌ప్యాక్‌లూ వాన ఆపుతాయి. జిప్పు ఉన్నదానికి వాన తొడుగు వేసుకోవచ్చు. మాకు అదీ లేకపోయింది.

"మళ్ళీ మార్చుకుందామా? నీ సంచి నువ్వు తీసుకుంటావా?" అన్నాడు తమ్ముడు. మిగిలిందంతా చదును దారే. అయినా వద్దన్నాను. భుజం మీద చార ఇంకా ఎర్రగానే ఉంది.

గంటకి ఎన్నిసార్లు సంచిలో చెయ్యి పెడతాను, ఎంతసేపు సీటు మీద ఉంటాను. ఇప్పుడు సంచి తీసే ముందు ఈ రెండే అడుగుతున్నాను. ఆఫీసుకి వెళ్ళే రోజు, పది చోట్ల ఆగే రోజు, 20 నిమిషాల్లో ముగిసే దారికి నా పాత సంచే. 5 కిలోలు మించితే దాన్ని ముట్టుకోను. గంట దాటే దారి, ఎక్కుడు ఉన్న దారి అయితే రెండు భుజాలూ. సరుకు, దూరం రెండూ పెరిగితే క్యారియర్ పెట్టించుకోగల సైకిల్ చూసుకోవాలి, అది వచ్చే ఏడాది మాట.

వచ్చిన మర్నాడు రెండు సంచులూ తిరగేసి ఎండలో వేశాం. అరలో పడున్న సన్న పట్టీ వెతికి తీసి నా సంచికి తగిలించాను. తమ్ముడు తన బ్యాక్‌ప్యాక్‌ని నా దగ్గరే వదిలి వెళ్ళాడు, వాడికి కావలసినప్పుడు వచ్చి తీసుకెళ్తాడు. ఇద్దరి ఎత్తుకీ ప్రతిసారీ సరిచేసుకునే శ్రమ లేకుండా భుజం పట్టీల మీద రెండు చోట్ల దారంతో గుర్తులు కుట్టాను. కింది గుర్తు దాకా వదిలితే నాకు సరిపోతుంది, పైదాని దగ్గరికి లాగితే వాడికి. నాది ఎర్ర దారం, వాడిది నల్లది.