హ్యూరన్ సరస్సులో పేరు తెలియని ఓడ

మిషిగన్‌లో హ్యూరన్ సరస్సు ఒడ్డునున్న అల్పెనా వెళ్లినవాళ్లు ఎక్కువగా అద్దం అడుగున్న బోటు ఎక్కి, పేరూ చరిత్రా తెలిసిన మునిగిన ఓడల్ని చూసి వస్తారు. మేమూ ఎక్కాం, చాలా బాగుంది. కానీ నేను రాయాలనుకున్నది ఆ మర్నాడు చూసిన ఓడ గురించి. అది ఏ ఓడో ఎవరికీ తెలియదు. దొరికిన చోటుని బట్టి నార్త్ బే రెక్ అని పిలుస్తున్నారు, రెక్ అంటే మునిగి పాడైన ఓడ.

నాన్న తాళ్లరేవు నుంచి వచ్చి డెట్రాయిట్ పక్కన నోవైలో మా దగ్గర ఉన్నారు. ఆయన బడిలో మాస్టారుగా చేశారు గానీ, చెక్క పడవలు కట్టే ఊళ్లో పుట్టి పెరిగారు కదా, పడవ కనిపిస్తే కాలు ఆగదు. అందుకే ఈసారి షికాగో, నయాగరా పక్కన పెట్టి ఐ-75 హైవే మీద స్టాండిష్ దాకా, అక్కడి నుంచి యూఎస్-23 పట్టుకుని ఉత్తరానికి వెళ్లాం. దారిలో కుడిపక్కన హ్యూరన్ సరస్సు కనిపించినప్పుడల్లా నాన్న "ఇది సముద్రమేరా" అంటూనే ఉన్నారు.

అల్పెనాలో ఒకప్పటి పేపర్ మిల్లు భవనంలో ఓడల మ్యూజియం ఉంది, టికెట్ లేదు. ఎక్కి తిరగడానికి నిజమైన ఓడంత పెద్ద నమూనా కట్టారు. ఇక్కడి థండర్ బే ప్రాంతాన్ని 2000లో రక్షిత జలాలుగా ప్రకటించి, 2014లో 4,300 చదరపు మైళ్లకు పెంచారు. ఆ పరిధిలో దాదాపు వంద ఓడలు అడుగున ఉన్నట్టు గుర్తించారు. ధాన్యం, కలప, ఇనుప ఖనిజం, బొగ్గు మోసే ఓడలన్నీ ఈ దారినే రద్దీగా తిరిగేవి. పొగమంచు పట్టినా, గాలివాన లేచినా ఒకదాన్నొకటి గుద్దుకునేవి, రాళ్ల తిప్పలెక్కేవి.

మర్నాడు పొద్దున్నే గాలి లేవకముందు, ఆ పేరు తెలియని ఓడను చూడ్డానికి ఇద్దరు కూర్చునే కయాక్ (తెడ్లతో నడిపే చిన్న పడవ) తీసుకున్నాం. లైఫ్ జాకెట్ వేసుకుని నాన్న ముందు కూర్చున్నారు. నాకు కాస్త టెన్షన్‌గానే ఉంది గానీ ఆయన తెడ్డు పట్టిన తీరు చూశాక తగ్గింది. కాసేపటికి పసుపు రంగు ఇసుక మీద నల్లటి గీతలు కనిపించాయి. దగ్గరికెళితే దూలాలు! బోర్లించిన చేప ముల్లులా వరసగా వంపు దూలాలు, వాటి మీద పలకలు, అక్కడక్కడా తుప్పు పట్టిన ఇనుప మేకులు. ఇంజన్ గానీ, తెరచాప కొయ్య గానీ మాకు కనిపించలేదు.

"ఇంతకాలం చెక్క ఎలా నిలిచిందిరా? మా వైపు సముద్రంలో అయితే పురుగు తొలిచేసేది" అన్నారు నాన్న. అదే అసలు సంగతి. ఉప్పునీళ్లలో చెక్కను తినే ఆ పురుగు మంచినీళ్లలో బతకదు. పైగా నీళ్లు చల్లన. అయితే లోతు తక్కువ కాబట్టి అలలు, చలికాలపు మంచుగడ్డలు ఓడను నలిపి పక్కల్ని పడగొట్టేస్తాయి. దానికి తోడు యూరప్ నుంచి, ఓడ నిలకడ కోసం అడుగున నింపుకునే నీళ్లలో వచ్చిన చిన్న ఆల్చిప్పలు చెక్కంతా పట్టేశాయి. వాటివల్ల నీళ్లు తేటపడి ఓడ బాగా కనిపిస్తోంది, కానీ గుర్తులు వాటి కిందే ఉండిపోతున్నాయి. దీనికి నాకు నిజంగా బాధేసింది.

1860ల చివర్నుంచి అమెరికాలో రిజిస్టరైన ఓడలకు నంబరు ఇచ్చి, ప్రధాన దూలం మీద చెక్కించేవారు. ఆ దూలం దొరికితే పేరు తేలిపోతుంది. లేకపోతే పొడవు, వెడల్పు, దూలాల మధ్య ఎడం కొలిచి పాత రిజిస్టర్లతో, ఆనాటి పత్రికల వార్తలతో పోల్చుకోవాలి. పేరు పోయిందంటే కట్టిన వడ్రంగులూ, ఎక్కిన పనివాళ్లూ కూడా పోయినట్టే. ఆ చెక్క తప్ప వాళ్ల గురించి చెప్పేదింకేమీ లేదు. అందుకే ఇక్కడ ఒక్క మేకు పైకి తీసినా నేరమే. ఈ చట్టం ఎంత కఠినంగా ఉంటే అంత మంచిదంటాను.

నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఏ పలక ఏ పలకకు అతికారో వేలితో చూపిస్తూ, ఏది ముందు వేసుంటారో చెప్పడం మొదలెట్టారు. తెడ్డు వేయడం మానేసి వింటూ కూర్చున్నాను. గాలి మమ్మల్ని పక్కకి తోసేసింది, మళ్లీ వెనక్కి వచ్చాం.

మధ్యాహ్నం ఇంకా ఉత్తరానికి, రోజర్స్ సిటీ దాటాక ఉన్న ఫార్టీ మైల్ పాయింట్ లైట్‌హౌస్‌కి వెళ్లాం. 1905 తుపానులో విరిగిపోయిన జోసెఫ్ ఎస్. ఫే అనే ఓడ పక్కభాగం అక్కడ ఒడ్డునే ఇసుకలో పడుంది. నాన్న వంగి, రెండు దూలాల మధ్య ఎడాన్ని జానతో కొలిచారు.

"పొద్దున చూసిందాంట్లో ఇంతకన్నా దగ్గరగా ఉన్నట్టున్నాయిరా. మ్యూజియం వాళ్లనడిగి దాని కొలతలు కనుక్కో" అన్నారు.