పిక్కకు ఆ పొడుగు కోతలెందుకు?

"దెబ్బ మోకాలి వెనకాల తగిలితే పిక్కంతా కోడిని చీరినట్టు చీరారేంటి సిస్టరమ్మా?" ఆపరేషన్ థియేటర్ బయట పేషెంట్ తండ్రి అడిగాడు. రక్తనాళం కుట్టిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఇలాగే అడుగుతారు. ఒక్కోసారి గొడవే అవుతుంది.

బైక్ మీంచి పడి మోకాలు కీలు జారినప్పుడు వెనకనుంచి వెళ్లే పోప్లిటియల్ ధమని సాగి, లోపలి పొర చిరిగి, రక్తం గడ్డకట్టి మూసుకుపోవచ్చు. పైకి చుక్క రక్తం కారకపోవచ్చు. పాదం చల్లబడుతుంది, నాడి అందదు. అందుకే మేం ముందడిగేది "ఎన్నింటికి పడ్డాడు?" అనే. సుమారు 6 గంటలు దాటితే కండ చచ్చిపోవడం మొదలవుతుంది.

ఎముక కూడా విరిగితే డాక్టరుగారు ముందు తెగిన రెండు కొసల మధ్య సన్నటి ప్లాస్టిక్ గొట్టం పెట్టేస్తారు. దాన్ని షంట్ అంటారు. కాలికి రక్తం పారుతూ ఉంటే ఎముకల డాక్టర్లు కంగారు లేకుండా రాడ్లు బిగించుకుంటారు. తర్వాత పాడైన ధమని ముక్క స్థానంలో అతకడానికి రెండో కాలినుంచి సిర తీస్తారు. దాన్ని హెపారిన్ (రక్తం గడ్డకట్టనివ్వని మందు) కలిపిన సెలైన్‌లో ఉంచి, ఏ కొస ఏదో గుర్తు పెట్టడం నా పని. సిరలో కవాటాలు రక్తాన్ని ఒకవైపే పోనిస్తాయి కాబట్టి తలకిందులు చేసి కుట్టాలి. కుట్టే ప్రోలీన్ దారం వెంట్రుకంత సన్నం. చేతులు తడిగా లేకపోతే గ్లవ్‌కి అతుక్కుని విసిగిస్తుంది.

రెండో ప్రపంచ యుద్ధంలో ధమని తెగితే ఎక్కువగా ముడేసి వదిలేసేవారు. అలా ధమని దెబ్బతిన్న అమెరికా సైనికుల్లో దాదాపు 40 శాతం మందికి కాలో చెయ్యో పోయింది. కొరియా యుద్ధంలో కుట్టడం మొదలెట్టాక అది 13 శాతానికి దిగింది. హెలికాప్టర్లలో త్వరగా తీసుకురావడం కూడా కలిసొచ్చిందనుకోండి.

ఇక ఆ కోతలు. ఆకలిగొన్న కండలోకి రక్తం తిరిగి రాగానే అది ఉబ్బుతుంది. చుట్టూ ఉన్న పొర సాగదు. పిక్కలో అలాంటి గదులు నాలుగున్నాయి. విప్పకపోతే లోపలి ఒత్తిడికే కండా నరాలూ నలిగిపోతాయి, ధమనిని ఎంత బాగా కుట్టినా సరే. అందుకే రెండు పక్కలా పొడుగ్గా కోసి నాలుగూ విప్పుతారు. అలా విప్పినప్పుడే కాటరీ (కరెంటుతో పనిచేసే కోత పరికరం) తగిలించి చూస్తారు. కండ ఉలిక్కిపడితే బతికే ఉంది. గోధుమరంగుకి తిరిగి కదలకపోతే ఆ ముక్క తీసేయాల్సిందే.

వాపు తగ్గాక కోతల అంచులు దగ్గరికి లాగి కుట్టేస్తారు. కలవకపోతే తొడ చర్మం తీసి అతికిస్తారు. నిజం చెప్పాలంటే, మచ్చ మాత్రం పోదు.