ఎస్‌ఎంపీ/ఈ పెట్టడం, దానికంటే ముందు అనుమతులు సర్దడం: నా అనుభవం

ఎస్‌ఎంపీ/ఈ అంటే ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ ఓఎస్ అయిన జడ్/ఓఎస్‌లో సాఫ్ట్‌వేర్‌ని, దాని సవరణలను ఎక్కించి లెక్క ఉంచే సాధనం. కొత్త ఎల్‌పార్‌లో (మెయిన్‌ఫ్రేమ్‌లో విడదీసిన ఒక భాగం) దాన్ని పెట్టమంటే చాలామంది ముందుగా సీఎస్‌ఐ (ఆ లెక్కలుండే డేటాసెట్, అంటే మెయిన్‌ఫ్రేమ్ ఫైల్) డిఫైన్ చేసే జేసీఎల్ (జాబ్‌కి రాసే ఆదేశాలు) తెరుస్తారు. ఒకప్పుడు నేనూ అదే చేసేవాణ్ణి. ఇప్పుడు ముందు రాసేది ర్యాక్‌ఎఫ్ (ఎవరికి ఏ అనుమతి ఉందో చూసే భద్రతా వ్యవస్థ) అడ్మిన్‌కి పంపాల్సిన చిట్టా. సీఎస్‌ఐ, జోన్లు (దానిలోని విభాగాలు), డీడీడెఫ్‌లు (ఏ లైబ్రరీ ఎక్కడుందో చెప్పే ఎంట్రీలు) అన్నీ కలిపినా ఒక రోజు పని. అదే ఒక్కో జాబ్ ఒక్కో అనుమతి దగ్గర ఆగిపోతూ, ప్రతిసారీ కొత్తగా అడుక్కోవాల్సి వస్తే వారాలు గడుస్తాయి. పైగా విడివిడిగా అడిగితే విసుగెత్తి అడ్మిన్ స్పెషల్ అధికారమో (ర్యాక్‌ఎఫ్ మీద పూర్తి పట్టు), యూఐడీ 0నో (యునిక్స్ సూపర్‌యూజర్ నంబర్) ఇచ్చేసి చేతులు దులుపుకుంటాడు. ఆ రెండూ ఈ పనికి అక్కర్లేదు.

నేను ఇన్‌స్టాల్ పనికి విడిగా ఒక గ్రూపు, ఆ గ్రూపులో ఒక యూజర్ అడుగుతాను. అనుమతులన్నీ గ్రూపుకే ఇప్పించుకోవాలి. మనుషులు మారినప్పుడు కనెక్ట్, రిమూవ్ చేస్తే సరిపోతుంది. గ్రూపుకి జీఐడీ (యునిక్స్ గ్రూపు నంబర్), యూజర్‌కి ఓఎంవీఎస్ సెగ్మెంట్‌లో (ర్యాక్‌ఎఫ్‌లో యునిక్స్ వివరాలుండే భాగం) యూఐడీ, హోమ్ డైరెక్టరీ, షెల్ ఉండాలి. ఓఎంవీఎస్ సెగ్మెంట్ లేకుండా డేటాసెట్ల పని నడుస్తుంది కాబట్టి ఆ లోటు మొదట బయటపడదు. యునిక్స్ డైరెక్టరీని ముట్టుకునే మొదటి జాబ్ దగ్గర బయటపడుతుంది.

ఇక అసలు తాళం. ఎస్‌ఎంపీ/ఈ తన ఆదేశాలను, సర్వీస్ రొటీన్లను ర్యాక్‌ఎఫ్‌లోని ఫెసిలిటీ క్లాస్ ప్రొఫైళ్లతో (రక్షణ నియమాలు) కాపాడుకుంటుంది. ఆదేశాలకు జిమ్.సీఎండీ అని మొదలై చివర ఆదేశం పేరు వస్తుంది: జిమ్.సీఎండీ.రిసీవ్, జిమ్.సీఎండీ.అప్లై అన్నమాట. రిసీవ్ అంటే ప్యాకేజీని తెచ్చుకోవడం, అప్లై అంటే దాన్ని టార్గెట్ లైబ్రరీల్లోకి (నడిచే కోడ్) ఎక్కించడం, యాక్సెప్ట్ అంటే డీలిబ్‌లలో (వెనక్కి వెళ్లడానికి కాపీ ఉంచే లైబ్రరీలు) ఖాయం చేయడం. ప్యాకేజీలు కట్టే, విప్పే జిమ్‌జిప్, జిమ్‌అన్‌జిప్ లాంటి ప్రోగ్రాములకు జిమ్.పీజీఎం అని మొదలవుతుంది. ఇన్‌స్టాల్ గ్రూపుకి వీటి మీద రీడ్ చాలు, యూఏసీసీ (విడిగా అనుమతి ఇవ్వనివాళ్లకు వర్తించే యాక్సెస్) మాత్రం నన్, అంటే ఏమీ లేదని ఉండాలి. రీడే కదా అని తేలిగ్గా తీసుకోకూడదు. ఈ రీడ్ ఉన్నవాడు డేటాసెట్ రక్షణలతో సంబంధం లేకుండా సిస్టమ్ భద్రతను దెబ్బతీయగలడని ఐబీఎం మాన్యువలే హెచ్చరిస్తుంది. లిస్ట్, రిపోర్ట్ లాంటి చూసే ఆదేశాలు కూడా ఈ కాపలా కిందే ఉంటాయి. ఆడిటర్ అడిగాడని జిమ్ కింద ఉన్నదంతా ఒక్క నక్షత్రంతో (*, అంటే ఏ పేరైనా) ఇచ్చేయడం నాకు నచ్చదు. లిస్ట్ జాబ్ నేనే నడిపి అవుట్‌పుట్ ఇస్తాను.

ఈ దశలో మూడు చోట్ల తడబాటు వస్తుంది. మొదటిది, పర్మిట్ ఇచ్చాక ఫెసిలిటీ క్లాస్‌కి సెట్‌రాప్ట్స్ ర్యాక్‌లిస్ట్ రిఫ్రెష్ చేయకపోవడం. ప్రొఫైల్ డేటాబేస్‌లో మారుతుంది, మెమరీలో పాతదే ఉంటుంది. అడ్మిన్ "ఇచ్చేశాను" అంటాడు, జాబ్ "లేదు" అంటుంది, ఇద్దరూ నిజమే చెబుతున్నట్టు. రెండోది, జిమ్.సీఎండీ.నక్షత్రం మీద గ్రూపుకి రీడ్ ఉన్నా, ఎప్పుడో ఎవరో జిమ్.సీఎండీ.రిసీవ్ అని విడి ప్రొఫైల్ పెట్టి ఉండటం. ర్యాక్‌ఎఫ్ ఎక్కువ నిర్దిష్టమైన ప్రొఫైల్‌నే చూస్తుంది, రెండిటినీ కలపదు. ఆర్‌లిస్ట్ ఆదేశంలో పూర్తి పేరు ఇచ్చి అడిగితే ఏ ప్రొఫైల్ వర్తిస్తోందో అదే చూపిస్తుంది. మూడోది తమాషాగా ఉంటుంది: బ్యాచ్ జాబ్ నడుస్తుంది, అదే యూజర్‌తో ఐఎస్‌పీఎఫ్ ప్యానెల్ (టీఎస్‌ఓలో లాగాన్ అయి వాడే మెనూ తెర) నుంచి చేస్తే అనుమతి లేదంటుంది. యూజర్ ఏయే గ్రూపుల్లో ఉన్నాడన్నది లాగాన్ అయినప్పుడే సెషన్‌లోకి ఎక్కుతుంది. కొత్త గ్రూపులో కలిపిన తర్వాత పాత టీఎస్‌ఓ సెషన్‌కి ఆ సంగతి తెలియదు. లాగాఫ్ చేసి మళ్లీ రావాల్సిందే. బ్యాచ్ జాబ్ కొత్తగా మొదలవుతుంది కాబట్టి దానికి ఆ ఇబ్బంది లేదు.

ఏ జాబ్ ఆగినా ఎస్‌ఎంపీ/ఈ సందేశాల కంటే ముందు సిస్‌లాగ్‌లో (సిస్టమ్ సందేశాల చిట్టా) ఐసీహెచ్408ఐ (ర్యాక్‌ఎఫ్ అనుమతి నిరాకరించిందనే సందేశం) ఉందేమో చూస్తాను. యూజర్, గ్రూపు, రిసోర్స్ పేరు, క్లాస్, అడిగిన యాక్సెస్, ఉన్న యాక్సెస్ అన్నీ అందులోనే ఉంటాయి. దాన్ని ఉన్నదున్నట్టు అతికించి పంపితే అడ్మిన్‌తో వాదన ఉండదు.

డేటాసెట్ల సంగతికి వస్తే, ఎస్‌ఎంపీ/ఈ డేటాసెట్లకు విడి హెచ్‌ఎల్‌క్యూ (డేటాసెట్ పేరులో మొదటి భాగం), దానికి ప్రత్యేక యూజర్ క్యాటలాగ్‌ని (డేటాసెట్లు ఎక్కడున్నాయో చెప్పే సూచిక) చూపే అలియాస్ కావాలి. అలియాస్ నిర్వచించడానికి మాస్టర్ క్యాటలాగ్ మీద అధికారం కావాలి. దాన్ని శాశ్వతంగా అడగను, స్టోరేజీ వాళ్లతో ఒకసారి చేయించుకుంటాను. అలియాస్ మరిచిపోతే ఎంట్రీలు మాస్టర్ క్యాటలాగ్‌లోకే పోయే ప్రమాదం ఉంది. హెచ్‌ఎల్‌క్యూ మీద గ్రూపుకి ఆల్టర్ (సృష్టించే, తుడిచే హక్కు) కావాలి. చాలామంది మరిచేది ఎస్‌ఎంపీటీలిబ్‌ల ప్రిఫిక్స్. రిసీవ్ నడిచేటప్పుడు ఎస్‌ఎంపీ/ఈ ప్రిఫిక్స్, తర్వాత సిస్‌మాడ్ (ఎక్కించే సాఫ్ట్‌వేర్ లేదా సవరణ) పేరు, చివర ఎఫ్1, ఎఫ్2 అన్న పేర్లతో డేటాసెట్లు తనే సృష్టిస్తుంది, యాక్సెప్ట్ అయ్యాక తనే తుడిచేస్తుంది. ఆ ప్రిఫిక్స్ వేరే హెచ్‌ఎల్‌క్యూ అయితే అక్కడా ఆల్టర్ ఉండాలి. టార్గెట్ లైబ్రరీల మీద మాత్రం ఒక గీత గీసుకోవాలి: అప్లై ఎప్పుడూ నడుస్తున్న సిస్టమ్ వాల్యూమ్ మీద కాదు, దాని నకలు మీదే. నకలులోని లైబ్రరీల మీదే అప్‌డేట్ అడిగితే పొరపాటున లైవ్ సిస్1.లింక్‌లిబ్‌ని తాకే దారే ఉండదు.

యునిక్స్ వైపు అనుమతులు వేరు. ఫైల్ సిస్టమ్‌లోకి కోడ్ పెట్టే ఉత్పత్తులకు బీపీఎక్స్.సూపర్‌యూజర్ మీద రీడ్ కావాలి. అది ఉంటే యూఐడీ 0 అవసరం లేదు. దానితోపాటు బీపీఎక్స్.ఫైల్‌ఆట్ర్ కింద ఏపీఎఫ్ (ప్రత్యేక అధికారంతో నడవొచ్చనే గుర్తు), ప్రోగ్‌సీటీఎల్, షేర్‌లిబ్ అని మూడు ప్రొఫైళ్లున్నాయి, మూడింటి మీదా రీడ్ కావాలి. ఇవి ఎక్స్‌టాట్ర్ గుర్తులు (ఫైల్‌కి ఉండే ప్రత్యేక లక్షణాలు) పెట్టే హక్కు ఇస్తాయి. యూఐడీ 0 ఉన్నవాడికి కూడా ఏపీఎఫ్ గుర్తు పెట్టాలంటే ఆ ప్రొఫైల్ కావాల్సిందే. ఇవి లేకపోతే అప్లై మొదట్లో ఆగదు. లోడ్ మాడ్యూళ్లన్నీ లింక్ అయ్యాక, ఫైళ్లు కాపీ చేసే దశలో ఈడీసీ5139ఐతో, అంటే ఆ పని చేసే హక్కు లేదని ఆగుతుంది. ఈడీసీ5111ఐ వస్తే అది ఫైల్ పర్మిషన్ సమస్య. ఈ రెండు నంబర్లు గుర్తుంటే సగం వెతుకులాట తప్పుతుంది.

సర్వీస్ జడ్‌ఎఫ్‌ఎస్‌ని (నకలుకి చెందిన యునిక్స్ ఫైల్ సిస్టమ్) మౌంట్ చేశామా లేదా అన్నది అప్లైకి ముందు కళ్లారా చూసుకోవాలి. డీడీడెఫ్‌లలో పాత్ ముందు /సర్వీస్ అని కలిపి ఉంటుంది. మౌంట్ కాకపోయినా మౌంట్ పాయింట్ డైరెక్టరీ ఉంటే, దాని కింద డైరెక్టరీలు కూడా ఎవరో ఎప్పుడో సృష్టించి ఉంటే, ఫైళ్లు నిశ్శబ్దంగా ఆ డైరెక్టరీలోకే పోతాయి. జాబ్ సున్నా (అంతా బాగుందనే రిటర్న్ కోడ్) ఇస్తుంది, తర్వాత జడ్‌ఎఫ్‌ఎస్‌ని మౌంట్ చేస్తే అవి దాని కింద కప్పుకుపోతాయి. రూట్ రీడ్ ఓన్లీగా ఉన్నచోట కనీసం జాబ్ ఆగుతుంది. రూట్‌ని అలా ఉంచడానికి నాకు ఇదొక్క కారణం చాలు.

ఇప్పుడు సీఎస్‌ఐ. ఇది వీసామ్ కేఎస్‌డీఎస్ (కీతో వెతికే రకం డేటాసెట్), పేరు చివర తప్పనిసరిగా సీఎస్‌ఐ అని ఉండాలి. కీ 24 బైట్లు, ఆఫ్‌సెట్ 0, రికార్డ్ సైజు 24, 143, షేర్ ఆప్షన్లు 2, 3. డిఫైన్ చేయగానే ఖాళీగా వదలకూడదు. సిస్1.మ్యాక్‌లిబ్‌లోని జిమ్‌జడ్‌పూల్ మెంబర్‌ని రెప్రోతో (కాపీ చేసే ఆదేశం) అందులోకి ఎక్కించాలి. ఆ ఒక్క అడుగు మరిచిపోతే ఎస్‌ఎంపీ/ఈ ఆ డేటాసెట్‌ని సీఎస్‌ఐగా ఒప్పుకోదు. గ్లోబల్, టార్గెట్, డీలిబ్ జోన్లు మూడూ ఒకే సీఎస్‌ఐలో పెట్టొచ్చు గానీ నేను విడివిడిగా పెడతాను. టార్గెట్ జోన్ సీఎస్‌ఐ టార్గెట్ వాల్యూమ్‌లతో పాటే ఉంటే నకలు తీసేటప్పుడు లైబ్రరీ, దాని లెక్క రెండూ కలిసి కదులుతాయి. బ్యాకప్‌కీ ఇదే సూత్రం. లైబ్రరీలు పాతవి, సీఎస్‌ఐ కొత్తది అయితే ఎక్కని పీటీఎఫ్ (ఐబీఎం ఇచ్చే సవరణ) ఎక్కినట్టు సీఎస్‌ఐ చెబుతుంది. ఆ తప్పు నెలల తర్వాత గానీ దొరకదు.

యూసీలిన్‌తో (సీఎస్‌ఐ ఎంట్రీలు రాసే ఆదేశం) గ్లోబల్ జోన్ నింపేటప్పుడు ఎస్‌రెల్ (ఏ సిస్టమ్‌కి చెందిందో చెప్పే కోడ్) మరిచిపోకూడదు. ఎంవీఎస్‌కి జడ్038, సీఐసీఎస్‌కి సీ150, డీబీ2, ఐఎంఎస్‌లకు పీ115. అది లేకపోతే రిసీవ్ ఆ సిస్‌మాడ్‌ని ఈ సిస్టమ్‌కి సంబంధించింది కాదని వదిలేస్తుంది. చూసేవాళ్లు ప్యాకేజీ పాడైందని అనుకుంటారు. ఆప్షన్స్ ఎంట్రీలో డీఎస్‌ప్రిఫిక్స్ (టీలిబ్‌ల ప్రిఫిక్స్), డీఎస్‌స్పేస్ (వాటికి చోటు) ఇవ్వాలి. డీఎస్‌స్పేస్‌లో మూడో సంఖ్య డైరెక్టరీ బ్లాకులది. రిట్రైడీడీఎన్‌కి ఆల్ ఇస్తే ఎక్స్37 (చోటు చాలక వచ్చే అబెండ్, అంటే జాబ్ కూలడం) వచ్చిన లైబ్రరీని కంప్రెస్ చేసి మళ్లీ ప్రయత్నిస్తుంది. ఎస్‌ఎంపీపీటీఎస్‌ని (రిసీవ్ చేసిన సవరణలుండే లైబ్రరీ) పీడీఎస్‌ఈగా (కొత్త రకం లైబ్రరీ) పెట్టడం మంచిది. పాత పీడీఎస్ అయితే చోటు ఉన్నా డైరెక్టరీ నిండి బీ14 అబెండ్ వస్తుంది. 3390 డిస్క్‌లో సిలిండర్ అంటే 15 ట్రాకులు, 8,49,960 బైట్లు. ఈ లెక్కతో ఆర్డర్ సైజుకి కనీసం రెట్టింపు చోటు చూసుకుంటాను. ఎందుకంటే దిగిన ప్యాకేజీ ఎస్‌ఎంపీఎన్‌టీఎస్ డైరెక్టరీలో ఉండగానే దాన్ని విప్పిన టీలిబ్‌లు డిస్క్ మీదికి వస్తాయి. రిసీవ్‌లో డిలీట్‌పీకేజీ ఇస్తే పని అయ్యాక ప్యాకేజీ పోతుంది. ఎన్‌టీఎస్ కోసం పెట్టే జడ్‌ఎఫ్‌ఎస్ 4 జీబీ దాటాలంటే ఎక్స్‌టెండెడ్ అడ్రసబిలిటీ ఉన్న డేటాక్లాస్ కావాలి. స్టోరేజీ వాళ్లకు పంపే చిట్టాలో ఇదీ ఒక వరుస.

రిసీవ్ ఆర్డర్‌తో ఐబీఎం నుంచి నేరుగా దింపుకోవాలంటే సర్టిఫికెట్ల గొడవ ఉంటుంది. దింపుకున్న సర్టిఫికెట్ ఫైల్‌ని మెయిన్‌ఫ్రేమ్‌కి బైనరీలోనే పంపాలి, డేటాసెట్ వీబీ అయి ఉండాలి. ఆస్కీ మార్పిడి జరిగితే ర్యాక్‌డీసర్ట్ (సర్టిఫికెట్ల కోసం ఉన్న ర్యాక్‌ఎఫ్ ఆదేశం) దాన్ని గుర్తుపట్టదు. తర్వాత యాడ్, కీరింగ్ (సర్టిఫికెట్ల గుత్తి) సృష్టి, ఆ కీరింగ్‌కి మన సర్టిఫికెట్‌తో పాటు రూట్ సీఏ సర్టిఫికెట్ కూడా కనెక్ట్. లేబుల్‌లో పెద్దక్షరం, చిన్నక్షరం తేడా లెక్కకు వస్తుంది. డిజిట్‌సర్ట్, డిజిట్‌రింగ్ క్లాసులు ర్యాక్‌లిస్ట్‌లో ఉంటే వాటికీ రిఫ్రెష్. యూజర్ తన కీరింగ్ చదవడానికి ఐఆర్ఆర్.డిజిట్‌సర్ట్.లిస్ట్‌రింగ్ మీద రీడ్ చాలు, ఇంకొకరి కీరింగ్ అయితే అప్‌డేట్ కావాలి. ఎస్‌ఎంపీజేహోమ్, ఎస్‌ఎంపీసీపాత్ డీడీడెఫ్‌లు జావా ఎక్కడుందో, ఎస్‌ఎంపీ/ఈ క్లాసులు ఎక్కడున్నాయో చెబుతాయి. జావా వెర్షన్ మార్చినప్పుడు మొదటిదాన్ని ఎవరూ తలచుకోరు. సర్టిఫికెట్ గడువు తేదీ అందరికీ కనిపించే క్యాలెండర్‌లో వేస్తాను.

అన్నీ కుదిరాయో లేదో చూడటానికి పెద్ద ఆర్డర్ అక్కర్లేదు. ముందు హోల్డ్‌డేటా (ఏ పీటీఎఫ్‌ని ఎందుకు ఆపాలో చెప్పే సమాచారం) ఒక్కటే రిసీవ్ చేస్తాను: నెట్‌వర్క్, సర్టిఫికెట్, ఎన్‌టీఎస్, గ్లోబల్ సీఎస్‌ఐ, జిమ్ ప్రొఫైళ్లు అన్నీ ఆ చిన్న జాబ్‌లోనే తేలిపోతాయి. తర్వాత అప్లై చెక్. రీజియన్ 0ఎం (దొరికినంత మెమరీ ఇవ్వమని) ఇచ్చినా ఐఈఎఫ్‌యూఎస్‌ఐ ఎగ్జిట్ (సైట్ సొంతంగా పెట్టుకునే అదుపు ప్రోగ్రాము) దాన్ని తగ్గించి ఉండొచ్చు. 878 లేదా 80ఏ అబెండ్ వస్తే ముందు అక్కడే చూడాలి. అవుట్‌పుట్‌లో వందల సందేశాలుంటే కంగారుపడక కాజర్ సిస్‌మాడ్ సమ్మరీకి వెళ్లాలి, అసలు కారణాలు పదికి మించి ఉండవు. సిస్టమ్ హోల్డ్‌లు చదివాకే బైపాస్, ఎర్రర్ హోల్డ్‌లు బైపాస్ చేయనే చేయను. అయితే ఒక మాట: చెక్ పాసైతే అనుమతులన్నీ ఉన్నట్టు కాదు. చెక్ లైబ్రరీలకు ఏమీ రాయదు కాబట్టి ఫైల్‌ఆట్ర్ లోపం అందులో కనిపించదు.

2022 జనవరి నుంచి ఐబీఎం సర్వర్‌ప్యాక్‌లు (కలిపి ఇచ్చే సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలు) జడ్/ఓఎస్‌ఎంఎఫ్ (బ్రౌజర్‌లో వాడే నిర్వహణ సాధనం) ద్వారా ఇన్‌స్టాల్ చేసే రూపంలోనే వస్తున్నాయి కాబట్టి అదీ సిద్ధం చేసుకోవాలి. సిస్1.శాంప్‌లిబ్‌లోని ఐజడ్‌యూసెక్ జాబ్ గ్రూపులు, ప్రొఫైళ్లు సృష్టిస్తుంది. అడ్మిన్ పని చేసేవాళ్లను ఐజడ్‌యూఅడ్మిన్ గ్రూపులో, మిగతావాళ్లను ఐజడ్‌యూయూజర్‌లో కలుపుతారు. ఇక్కడ అందరూ పడే గుంట ఒకటుంది. బ్రౌజర్‌లో సాఫ్ట్‌వేర్ మేనేజ్‌మెంట్ కనిపించిందంటే జడ్‌ఎంఎఫ్‌ఏపీఎల్‌ఏ క్లాస్‌లో అనుమతి ఉందని మాత్రమే అర్థం. లోపల సీఎస్‌ఐ చదివేది లాగిన్ అయిన యూజర్ అధికారంతోనే, కాబట్టి జిమ్ ప్రొఫైళ్లు, సీఎస్‌ఐ మీద రీడ్ ఆ యూజర్‌కీ ఉండాలి. బ్రౌజర్‌లో వచ్చే ఎర్రర్ ఎంత అస్పష్టంగా ఉన్నా సిస్‌లాగ్‌లో అదే ఐసీహెచ్408ఐ ఉంటుంది.

అప్లై అయ్యాక నకలు నుంచి ఐపీఎల్ (సిస్టమ్ బూట్) చేసి కొన్నాళ్లు నడిపించి చూస్తాను, అంతవరకు యాక్సెప్ట్ చేయను. యాక్సెప్ట్ అయిన పీటీఎఫ్‌ని రిస్టోర్‌తో వెనక్కి తీయలేం, రిస్టోర్ పాత కాపీ తెచ్చుకునేది డీలిబ్‌ల నుంచే కదా. కొత్త లైబ్రరీకి ఏపీఎఫ్ కావాలంటే సెట్‌ప్రాగ్‌తో వెంటనే కలిపినా, ప్రాగ్ మెంబర్‌లో (ఐపీఎల్ అప్పుడు చదివే సెట్టింగులు) రాసేదాకా పని అయిపోయినట్టు కాదు. లేకపోతే తర్వాతి ఐపీఎల్‌లో అది ఏపీఎఫ్ జాబితాలో కనబడదు.